కుండీ మొక్క మీది తెల్లని మచ్చ: జెముళ్ల రోగనిర్ధారణకు ఒక చరిత్ర

పరిచయం

పర్యావరణ చరిత్ర పాఠాలలో అడవులు, చెరువులు, కరువులు, రైలుమార్గాలు విరివిగా కనిపిస్తాయి. కుండీకి వాటిలో చోటు తక్కువ. ఈ భాగంలో మనం కుండీ దగ్గరి నుంచే బయలుదేరుదాం. హైదరాబాద్ పాతబస్తీలో మొగల్‌పురా, షాలిబండ, దబీర్‌పురా వంటి మొహల్లాల్లో నడుస్తూ తలెత్తి చూస్తే పిట్టగోడల మీద, బాల్కనీ ఊచల వెంట, మెట్ల మలుపుల్లో కలబంద, రణపాల, రకరకాల కాక్టస్‌లు కనిపిస్తాయి. కారణం తెలుసుకోవడం కష్టం కాదు. స్థలం ఇరుకు. నల్లా రోజూ రాదు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆకుల్లోనో కాడల్లోనో నీరు దాచుకుని బతికే మొక్కలు ఇలాంటి ఇంటికి సరిపోతాయి. వీటన్నిటినీ కలిపి సక్యులెంట్లు అంటారు. మన పాఠ్యపుస్తకాలు రసభరిత మొక్కలు అని రాస్తాయి.

ఎడారిని తట్టుకునే ఈ మొక్కలు కుండీలో తరచుగా చనిపోతాయి. కొన్ని కుళ్లిపోతాయి, కొన్ని సాగి వాలిపోతాయి, మరికొన్నిటి మీద దూది అంటించినట్టు తెల్లని మచ్చలు పుడతాయి. ఆ తెల్లని మచ్చ ఏమిటన్నదే ఈ పాఠంలో మన ప్రధాన ప్రశ్న. ఇది వృక్షశాస్త్రం కదా, చరిత్రకు దీనితో ఏం పని అని తరగతిలో ఎవరో ఒకరు అడగక మానరు. వైద్యుడు రోగిని పరీక్షించేటప్పుడు ముందు అడిగేవి మూడు: ఎక్కడి నుంచి వచ్చావు, ఎప్పటి నుంచి ఇలా ఉంది, ఇంతవరకు ఏం వాడావు. చరిత్రకారుడు ఆధారాన్ని చేతిలోకి తీసుకుని అడిగేవీ దాదాపు ఇవే. ఈ మూడు ప్రశ్నలు అడగకుండా ఒక తెల్లని మచ్చకు పేరు పెట్టినందువల్ల దక్షిణ భారతంలో వేల ఎకరాల కంచెలు మాయమయ్యాయి. ఆ కథ కొంచెం ముందుకు వెళ్లాక వస్తుంది.

పేరు తెలియకుండా రోగం తెలియదు

తెలుగులో జెముడు అన్న మాట చాలా విశాలమైనది. నాగజెముడు, బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు అని పల్లెల్లో చెబుతారు. బ్రహ్మజెముడు అన్న పేరు ఊరిని బట్టి వేరువేరు మొక్కలకు వాడుకలో ఉంది. ముళ్లు, దళసరి కాడలు, ఎండకు చావని మొండితనం చూసి మనవాళ్లు వీటన్నిటినీ ఒకే కుటుంబంగా ఎంచారు. కంచె వేసుకునే రైతుకు ఆ వర్గీకరణ చాలు. రోగనిర్ధారణకు మాత్రం చాలదు, ఎందుకంటే ఇందులో రెండు వేరువేరు వంశాలు కలిసిపోయాయి.

ఒకటి యుఫోర్బియా వంశం. మూడు అంచుల కాడలుండే బొమ్మజెముడు, ఆకులు పెట్టే ఆకుజెముడు, పెన్సిళ్లలాంటి కొమ్మలుండే కాడజెముడు ఈ వంశానివి. మూడవది ఆఫ్రికా నుంచి వచ్చిందే అయినా, మొత్తం మీద ఇవి ఆసియా, ఆఫ్రికా ఖండాలలో చిరకాలంగా ఉన్న మొక్కలు. గాటు పెడితే చిక్కటి తెల్లని పాలు కారతాయి. రెండవది కాక్టస్ వంశం. నాగజెముడు ఈ వంశానిది. ఒక్క జాతిని మినహాయిస్తే కాక్టస్‌లన్నీ అమెరికా ఖండాల సంతతి. అంటే 1492కు ముందు మన నేల మీద నాగజెముడు లేదు. ఐరోపా ఓడల రాకపోకలు పెరిగాక వచ్చి, కొద్ది తరాలలోనే కోట గోడల పక్కన, ఊరి కంచెల్లో ఎంతగా స్థిరపడిందంటే, ఇది విదేశీ మొక్క అంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు. మిరపకాయ విషయంలోనూ ఇదే జరిగింది. నాగజెముడును గిల్లితే పాలు రావు, జిగురు నీరు వస్తుంది.

ఈ తేడా కుండీ దగ్గర వెంటనే అక్కరకు వస్తుంది. నర్సరీలో కాక్టస్ అని కొన్న మొక్కకు దెబ్బ తగిలి తెల్లటి పాలు కారితే అది రోగం కాదు. మీరు కొన్నది యుఫోర్బియా. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం కనుక కత్తిరించేటప్పుడు జాగ్రత్త అవసరం. అలాగే కొచినీల్ అనే పురుగు కాక్టస్ వంశాన్ని తప్ప మరే మొక్కనూ తినదు. బొమ్మజెముడు మీద దూదిలాంటి తెల్లని మచ్చ కనిపిస్తే అది కొచినీల్ అయ్యే అవకాశమే లేదు; అది మామూలు పిండినల్లి. మొక్క వంశం తెలిస్తే అనుమానితుల జాబితా సగానికి తగ్గిపోతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీ ఇంట్లో లేదా వీధిలో జెముడు అని పిలిచే మొక్కలను చూసి, ఏది ఏ వంశానిదో, ఏ ఆధారంతో తేల్చారో అయిదు వాక్యాలలో రాయండి.

సామర్లకోట తోటలో ఒక ఆధారం

సక్యులెంట్లకు వచ్చే కష్టాలలో నూటికి తొంభై నీటి వల్ల వచ్చేవే అని తోటపని తెలిసినవారు చెబుతారు. లెక్క అటూ ఇటూ అయినా దిశ సరైనదే. దీని వెనుక ఉన్న శాస్త్రం మన తెలుగు నేలతో ముడిపడి ఉందని మాత్రం చాలామందికి తెలియదు.

ఈస్టిండియా కంపెనీ 18వ శతాబ్దం చివర సామర్లకోటలో ఒక వృక్షశాస్త్ర తోటను నడిపింది. విలియం రాక్స్‌బర్గ్ అక్కడ పనిచేసి, కోరమాండల్ తీరపు మొక్కల మీద చిత్రాలతో కూడిన గొప్ప గ్రంథానికి సామగ్రి కూర్చుకున్నాడు. మన రాళ్లగుట్టల మీద పెరిగే కుందేటి కొమ్ములు అనే చిన్న రసభరిత మొక్క కూడా అందులో చోటు చేసుకుంది. 1793లో రాక్స్‌బర్గ్ కలకత్తాకు వెళ్లిపోగా ఆ తోట బాధ్యత బెంజమిన్ హైన్ చేతికి వచ్చింది. తరంగంబాడి మిషనరీలతో కలిసి ఈ దేశానికి వచ్చిన జర్మన్ ఆయన. తెలుగు ప్రాంతంలో ఇనుము కరిగించే కొలుములు, అగ్నిగుండాల రాగి, వజ్రపు గనులు మొదలైనవాటి గురించి రాసినందువల్ల ఆర్థిక చరిత్ర చదివేవారికి ఆయన పేరు పరిచితమే.

హైన్ 1813లో లినియన్ సొసైటీ సభ్యుడైన లాంబర్ట్‌కు ఒక ఉత్తరం రాశాడు. అది 1815లో అచ్చయింది. విషయం రణపాల ఆకు రుచి. ఆకు ముక్కనే నాటినా మొలిచే ఆ మొక్క మడగాస్కర్‌ది. అప్పటికి భారతదేశపు తోటల్లో కొత్తగా వ్యాపిస్తూ ఉంది. ఆ ఆకు తెల్లవారుజామున బాగా పుల్లగా ఉంటుందనీ, ఎండ ఎక్కేకొద్దీ పులుపు తగ్గి మధ్యాహ్నానికి చప్పబడుతుందనీ, సాయంత్రానికి కొంచెం చేదు తేలుతుందనీ హైన్ గమనించాడు. ఒకే మొక్క, ఒకే రోజు, మూడు వేళల్లో మూడు రుచులు. పరికరం ఏదీ లేదు, నాలుకే పరికరం. ఆయన ప్రాణవాయువును ఆధారం చేసుకుని చెప్పిన వివరణ ఈనాడు నిలవదు. గమనించిన విషయం మాత్రం రెండు వందల ఏళ్ల తర్వాత కూడా చెక్కుచెదరలేదు. ఆధారాన్నీ వివరణనూ విడదీసి చూడటం ఎందుకు అవసరమో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పుడు తెలిసినది ఇది. సాధారణ మొక్కలు పగటిపూట ఆకుల మీది సూక్ష్మరంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. ఆ దారినే నీరు ఆవిరైపోతుంది. రణపాల, కాక్టస్, కలబంద వంటివి రాత్రిపూట రంధ్రాలు తెరుస్తాయి. పీల్చిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. పగలు తలుపులు మూసుకుని, ఆ ఆమ్లాన్ని విడగొట్టుకుంటూ ఆహారం తయారుచేసుకుంటాయి. హైన్ నాలుకకు తగిలిన తెల్లవారుజాము పులుపు అదే. (చూడాలని తొందరపడి కుండీలో ఉన్న ప్రతి మొక్కనూ నమలకండి, ఈ వర్గంలో విషపదార్థాలున్న జాతులున్నాయి.)

పగలు తలుపులు మూసుకునే మొక్క నీటిని చాలా తక్కువగా ఖర్చు చేస్తుంది. కాబట్టి తులసికి పోసినట్టు రోజూ చెంబుడు పోస్తే ఆ నీటిని అది వాడుకోలేదు. మట్టి తడిగానే ఉండిపోతుంది, వేళ్లకు గాలి ఆడదు, బూజు జాతులు లోపలికి చొరబడతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా హైదరాబాద్ వానాకాలంలో మిద్దె మీది కుండీలకు ఈ గండం మరీ ఎక్కువ. అడుగున కన్నం లేని పింగాణీ గిన్నెలు, నల్లరేగడి మట్టి రెండూ కలిస్తే మొక్క బతకడం అరుదు. చెల్క మట్టిలో ముతక ఇసుక, ఇటుక రజను కలిపి మామూలు మట్టికుండీలో పెట్టినది నిలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నీరు ఎక్కువైనా మొక్క వాడుతుంది, తక్కువైనా వాడుతుంది. వేళ్లు కుళ్లినప్పుడు చుట్టూ నీరున్నా మొక్క తాగలేదు గనుక పైకి దాహంలాగే కనిపిస్తుంది. యజమాని జాలిపడి ఇంకో చెంబు పోస్తాడు. అంతటితో అయిపోతుంది. తేడా పట్టుకోవడానికి చేత్తో తాకి చూడాలి. దాహంతో ఉన్న ఆకు ముడతలు పడి పలచబడుతుంది కానీ మెత్తబడదు. కుళ్లు మొదలైన ఆకు పసుపుగా, నీరు నిండిన అద్దంలా మారి, ముట్టుకుంటే జారిపోతుంది. కాడ మొదలు నల్లబడి దుర్వాసన వేస్తుంది. అనుమానం తీరకపోతే ఒక పుల్లను మట్టిలోకి గుచ్చి తీసి చూడండి. ఇంకా తేలకపోతే మొక్కను పెకలించి వేళ్లు చూడటమే. కుళ్లినదైతే ఆరోగ్యంగా ఉన్న కొమ్మను పైనుంచి కోసి, కోసిన చోటు మానేదాకా కొన్ని రోజులు నీడలో ఆరనిచ్చి, పొడి మట్టిలో నాటడం ఒక్కటే దారి.

వెలుతురు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పాతబస్తీ సందుల్లో ఇళ్లు ఎదురెదురుగా దగ్గరగా ఉంటాయి. కింది అంతస్తులో పెట్టిన మొక్క ఆకాశం కోసం మెడ సాచి, ఆకుల మధ్య దూరం పెరిగి, పాలిపోతుంది. దాన్ని హఠాత్తుగా మిద్దె మీదికి ఎక్కిస్తే ఎండ తగిలిన వైపు గోధుమరంగు మచ్చలు పడతాయి. అవి మానవు, వ్యాపించవు కూడా. వ్యాపించని మచ్చ దెబ్బ, వ్యాపించే మచ్చ రోగం.

గుమ్మానికి వేలాడే కలబంద

చార్మినార్ పరిసరాల్లో దుకాణాల గుమ్మాలకు, చాలా తెలుగు ఇళ్ల వాకిళ్లకు వేళ్లతో సహా తలకిందులుగా కట్టిన కలబంద కనిపిస్తుంది. దిష్టి తగలకూడదని కడతారు. మట్టి లేకుండా, నీరు పోయకుండా అది నెలల తరబడి పచ్చగా ఉంటుంది. ఒక్కోసారి పిలక కూడా వేస్తుంది. ఎండిపోతే ఇంటి మీద చూపు పడింది, దాన్ని మొక్క తీసుకుంది అంటారు. ఇదీ ఒకరకమైన రోగనిర్ధారణే. ఇక్కడ మొక్కకు వచ్చిన కష్టాన్ని చూసి ఇంటి ఆరోగ్యాన్ని అంచనా వేస్తున్నారు. అది నమ్మకమా, మూఢనమ్మకమా అన్న చర్చ పక్కన పెట్టి, ఈ ఆచారం ఏ మొక్కతోనైనా సాగుతుందా అని ఆలోచించండి. మల్లెకొమ్మతో సాగదు. దాచుకున్న నీటితో తలుపులు మూసుకుని కాలక్షేపం చేయగల మొక్క కనుకే కలబందను ఎంచుకున్నారు. హైన్ నాలుకతో పట్టినదాన్ని మనవాళ్లు గుమ్మం దగ్గర కంటితో ఏనాడో చూశారు, వివరణ మాత్రం వేరు.

కలబంద మూలస్థానం అరేబియా ద్వీపకల్పమని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి. దాని ఆకు పసరును ఎండబెట్టగా వచ్చే నల్లని, చేదైన గడ్డ అరేబియా సముద్రం మీద శతాబ్దాల పాటు సరుకుగా నడిచింది. యునానీ వైద్యంలో దాన్ని సిబ్ర్ అనీ, ముసబ్బర్ అనీ అంటారు. తెలుగిళ్లలో పిల్లలకు పాలు మాన్పించడానికి, బెణుకులకు పట్టు వేయడానికి వాడిన ముసాంబరం ఈ ముసబ్బరే. అరబ్బు వర్తకుడి మాట పల్లెటూరి బాలింత నోటిదాకా వచ్చిన దారి ఆ ఒక్క పదంలో ఉంది. చార్మినార్ పక్కనే యునానీ ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తున్నందున ఆ మాట పాతబస్తీలో పాతబడలేదు.

కుండీలోని కలబంద ఎండాకాలంలో ఎర్రబారితే కంగారు పడనక్కర్లేదు. అది ఎండను తట్టుకోవడానికి వేసుకున్న రంగు. నీడకు మారిస్తే కొన్ని వారాలకు పచ్చబడుతుంది.

ఎర్ర రంగు కోసం వేట

ఇప్పుడు తెల్లని మచ్చ దగ్గరికి వద్దాం. కొచినీల్ పురుగు ఆడది కాక్టస్ మట్టను పట్టుకుని కదలకుండా రసం పీలుస్తూ, ఒంటి మీద తెల్లని మైనపు నూగు కప్పుకుంటుంది. చిదిపితే ముదురు ఎరుపు. మెక్సికో ప్రజలు స్పెయిన్ వారు రాకముందే ఈ పురుగును పెంచి బట్టలకు రంగు వేసేవారు. వలస పాలనలో అది వెండి తర్వాత వెండి అంతటి సరుకు అయింది. స్పెయిన్ ఆ రహస్యాన్ని రెండు శతాబ్దాలకు పైగా కాపాడుకుంది. అది గింజా, పురుగా అని ఐరోపా పండితులు చాలాకాలం వాదించుకున్నారంటే ఆ కాపలా ఎంత గట్టిదో ఊహించవచ్చు.

మనకు ఎర్ర రంగు కొత్త కాదు. తెలుగులో కిరమంజి, ఉర్దూలో కిర్మిజీ అనే మాటలు పురుగు అని అర్థమున్న పారశీక పదం నుంచి వచ్చాయి. లక్క కూడా పురుగు నుంచే వస్తుంది. లక్క పురుగు జీవితక్రమాన్ని సామర్లకోటలో ఉండగా పరిశీలించి రాక్స్‌బర్గ్ రాసిన వ్యాసం 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. చార్మినార్ నుంచి పడమరగా సాగే లాడ్ బజార్‌లో నేటికీ కొలిమి దగ్గర కూర్చుని కార్మికులు సాగదీసే లక్క ఆ పురుగు స్రవించిందే. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. లక్క పురుగు, కొచినీల్ పురుగు, మీ కుండీలోని పిండినల్లి దగ్గరి బంధువులు. కింద బజారులో ఒకటి వందల కుటుంబాలకు అన్నం పెడుతుంటే, పైన మిద్దె మీద దాని చుట్టం మొక్కను చంపుతూ ఉంటుంది.

కంపెనీకి కొచినీల్ కావాలి. మద్రాసులో ప్రధాన వైద్యాధికారిగా ఉన్న జేమ్స్ ఆండర్సన్ 1786లో ఒక గడ్డి మీద ఎర్రని రసం ఉన్న పురుగును చూసి, ఇదే కొచినీల్ కావచ్చని లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌కు వరుసగా ఉత్తరాలు రాశాడు. అది కాదని తేలింది. అయినా ఆయన ఉత్సాహం చల్లారలేదు. సైదాపేట దగ్గర కాక్టస్ తోట వేయించాడు, క్యూ తోటల నుంచి మెక్సికో జాతి మొక్కలు తెప్పించాడు. పురుగు ఒక్కటే కొరత.

1795లో కెప్టెన్ నీల్సన్ అనే సైనికాధికారి రియో డి జెనీరోలో ఓడ ఆగినప్పుడు కాక్టస్ మట్టలతో సహా పురుగులను సేకరించి కలకత్తా చేర్చాడు. అప్పటికి అక్కడ ఉన్న రాక్స్‌బర్గ్ వాటిని పెంచాడు. పురుగులు విస్తారంగా పెరిగాయి. మద్రాసుకూ పంపారు. అయితే అవి శ్రమపడి తెప్పించిన మేలుజాతి కాక్టస్‌లను పెద్దగా పట్టించుకోక, అప్పటికే కంచెల్లో అల్లుకుపోయిన ఒపంటియా మొనకాంతా అనే పాత జాతి మీద పడ్డాయి. వాటి రంగు నాసిరకంగా ఉంది. లండన్ బజారులో మెక్సికో సరుకు ముందు నిలవలేదు. చివరకు 1856 తర్వాత కృత్రిమ రంగులు వచ్చి ఆ వ్యాపారాన్నే దెబ్బతీశాయి.

రంగు రాలేదు కానీ కంచెలు పోయాయి. పురుగు సోకిన ఒపంటియా మొనకాంతా పసుపుబారి, కూలి, ఎండిపోయింది. ఉత్తర, మధ్య భారతంలో ఇది జరిగిన తీరు చూసి 1836, 1838 మధ్య అదే పురుగును దక్షిణానికి తెచ్చారు. ఈసారి రంగు కోసం కాదు, కాక్టస్‌ను చంపించడానికే. 1860లలో సిలోన్‌కు కూడా తీసుకెళ్లారు. ఒక కలుపును ఉద్దేశపూర్వకంగా పురుగుతో అణచివేసిన ప్రపంచపు తొలి విజయాలలో ఒకటిగా దీన్ని శాస్త్ర గ్రంథాలు లెక్కిస్తాయి. విజయం అన్న మాటను మాత్రం చరిత్ర విద్యార్థి ఒకసారి ఆగి చదవాలి. పొలం ఆక్రమించుకున్న చోట అది విజయమే. అదే కాక్టస్‌ను పశువులను ఆపే కంచెగా వాడుకున్నవారి లెక్క వేరు, వారి మాట ఆ నివేదికల్లో చాలా తక్కువగా వినిపిస్తుంది. ముళ్లు కాల్చి కరువులో పశువులకు మేతగా వేసిన దాఖలాలు దక్కనులో ఉన్నాయి.

ఆ పురుగు అసలు కొచినీల్ కాదు, దాని దక్షిణ అమెరికా బంధువు. 1896లో సిలోన్‌లో పనిచేసిన కీటక శాస్త్రజ్ఞుడు గ్రీన్ దాన్ని వేరుగా వర్ణించినప్పుడు సిలోన్ పేరే దానికి స్థిరపడింది. బ్రెజిల్‌లో పట్టి, కలకత్తాలో పెంచి, మద్రాసులో నిరాశపరిచిన పురుగు శాస్త్రీయ నామంలో సిలోన్ ఉంది! పేరును బట్టి పుట్టినచోటు ఊహించేవారికి ఇది మంచి హెచ్చరిక.

ఆ పొరపాటు అక్కడితో ఆగలేదు. పాత జాతి పోగా ఖాళీ అయిన నేలలో ఇంకో నాగజెముడు, ఇవాళ మన రోడ్ల పక్కన కనిపించే పసుపుపచ్చ పూల ఒపంటియా దిల్లేనీ, విజృంభించింది. సిలోన్ పేరిటి పురుగు దాన్ని ముట్టదు. కాక్టస్‌లన్నీ ఒకటే, కొచినీల్‌లన్నీ ఒకటే అనుకున్నంత కాలం ఎందుకు ముట్టదో అర్థం కాలేదు. ఏ పురుగు ఏ కాక్టస్‌ను తింటుందో విడమర్చుకున్నాకే పరిష్కారం దొరికింది. 1926లో సిలోన్ నుంచి డాక్టిలోపియస్ ఒపంటియే అనే మరో జాతిని దక్షిణ భారతానికి తెచ్చి వదిలారు. కొద్ది సంవత్సరాలలోనే మద్రాసు రాజధానిలో నాగజెముడు దట్టాలు పలచబడ్డాయి. ఈలోగా క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం పంపిన బృందం 1912-14 మధ్య దేశదేశాలు తిరుగుతూ ఇటూ వచ్చి, 1795 నాటి పురుగు సంతతిని ఆస్ట్రేలియాకు పట్టుకెళ్లింది. నీల్సన్ ఓడలో ఎక్కించిన పొరపాటు మరో ఖండంలో మందుగా పనిచేసింది.

మిద్దె మీద తెల్లని మచ్చలు

ఇంత చదివాక కుండీ దగ్గరికి వెళితే తెలుపు ఒకటే రకంగా కనిపించదు. ఎకెవేరియా వంటి రోజాపువ్వు ఆకారపు మొక్కల ఆకులపై బూడిద పూసినట్టుండే సన్నని పొర మొక్క తానే తయారుచేసుకున్న మైనం. అది ఎండ నుంచి కాపాడే చొక్కా. రోగమనుకుని తుడిచేస్తే ఆ ఆకుకు మళ్లీ రాదు. రణపాల వర్గపు ఆకులపై పిండి చల్లినట్టు చదునుగా, గుండ్రంగా వ్యాపించేది బూడిద తెగులు. గాలి ఆడనిచోట, ఆకులు తడిసి ఆరనిచోట వస్తుంది. కుండీ అంచుల మీద, మట్టి పైన గరుకుగా పేరుకునే తెలుపు బోరు నీటిలోని లవణం. పాతబస్తీలో బోరు నీరు వాడే ఇళ్లలో ఇది దాదాపు తప్పదు. అప్పుడప్పుడు వాననీటితో మట్టిని బాగా కడిగి నీరంతా అడుగు కన్నం గుండా పోనిస్తే సరిపోతుంది.

ఆకు మొదళ్లలో, ముళ్ల నడుమ దూదిపింజల్లా ఉండి, పుల్లతో కదిపితే కాళ్లున్న గులాబీ రంగు పురుగు బయటపడేది పిండినల్లి. చీమలు బారులు తీరి కుండీ ఎక్కుతుంటే ముందు దీన్నే అనుమానించాలి, అవి వచ్చేది పిండినల్లి విసర్జించే తీపి రసం కోసం. ఆకులు శుభ్రంగా ఉన్నా మొక్క రోజురోజుకు నీరసిస్తుంటే పెకలించి చూడండి. వేళ్లను పట్టుకునే పిండినల్లి కూడా ఉంది. నాగజెముడు వంటి చదును మట్టల కాక్టస్ మీద గట్టిగా అతుక్కుని, చిదిపితే వేలికి రక్తంలా అంటి కడిగినా ఒకంతట పోని ముదురు ఎరుపు వస్తే అది కొచినీల్. రెండింటికీ మొదటి చికిత్స ఒకటే: మొక్కను మిగతావాటికి దూరంగా పెట్టి, స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కొక్క మచ్చనూ తుడిచి, సాయంత్రం వేళ వేపనూనె కలిపిన సబ్బునీరు చల్లి, వారం వారం మళ్లీ చూడటం. ఎకెవేరియా వంటివాటి మైనపు పొరను మాత్రం ఈ నూనె చెడగొడుతుంది. కొత్తగా కొన్న కుండీని రెండు మూడు వారాలు విడిగా ఉంచడం అన్నిటికన్నా చవకైన మందు. కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చి, హైదరాబాద్ అంగట్లో వారాల తరబడి పక్కపక్కన నిలబడిన మొక్క మీ ఇంటికి ఒంటరిగా రాదు.

నర్సరీలో ఎర్రటి, పసుపుపచ్చ బంతులను ఆకుపచ్చ కాడ మీద అంటుకట్టి అమ్ముతారు. ఆ బంతిలో పత్రహరితం లేదు. కింది కాడ ఆహారం పెడితేనే బతుకుతుంది. మామూలుగా మొలకదశలోనే చనిపోవలసిన ఈ లోపాన్ని 1940లలో జపాన్ తోటమాలులు అంటుకట్టి నిలబెట్టారు. కొన్నేళ్లకు పై బంతి మెత్తబడి, కింది కాడ దృఢంగా ఉంటే యజమాని చేసిన తప్పేమీ లేదు. ఆ జోడీ ఆయుర్దాయమే అంత.

1926లో తెచ్చిన పురుగు పని ముగిశాక ఎక్కడికీ పోలేదు. తెలుగు రాష్ట్రాల రోడ్ల పక్కన నాగజెముడు పొదలను దగ్గరగా చూస్తే మట్టల మీద దాని తెల్లని నూగు ఇప్పటికీ కనిపిస్తుంది. అదే జాతి 2014 నుంచి మొరాకోలో నాగజెముడు పండ్ల తోటలను తుడిచిపెట్టింది. అక్కడ ఆ మొక్క కలుపు కాదు, పేద రైతు పంట, పశువుల మేత, ఇంటి కంచె. మన దేశంలోనూ మెట్టనేలల్లో పశుగ్రాసంగా ముళ్లు లేని నాగజెముడును పెంచే ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఆ మొక్కను నాటే రైతు గట్టు అవతలి పాత కంచె మీద తెల్లని మచ్చ ఉందేమో ముందుగా చూసుకోవాలి, ఉంటే ఒకదాన్ని చిదిపి రంగు చూడాలి.